నాయినమ్మ ఎమ్మెల్యేకు నిలబడతానంటోంది, ఏం చేయాలి?

చాట_కత్తెర
18 జూన్ 2023

అందరికీ నమస్తే. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే, రాయడం ఇదే మొదటిసారి.

మా నాయినమ్మకు 64 ఏళ్లు. మాది నిజామాబాద్ జిల్లాలో ఒక పల్లె. పదకొండో ఏట చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టడం మొదలుపెట్టింది. మెడనొప్పి తట్టుకోలేక 2019లో మానేసింది. ముగ్గురు పిల్లలు, ఏడుగురు మనవలు. వాళ్లలో పెద్దవాణ్ణి నేను.

పోయిన నెల ఒక నాయకుడి దగ్గరికి దరఖాస్తు పట్టుకుని వెళ్లింది. పీఎఫ్ నంబరు 2014 ఫిబ్రవరి 28 తర్వాత వచ్చినవాళ్లకు బీడీ పింఛను ఇవ్వట్లేదు కదా, ఆ కటాఫ్ తేదీ ఎత్తేయమని. మా చిన్నమ్మకు కూడా దానివల్లే రావట్లేదు. ఆ నాయకుడు కాగితం చదవకుండానే పక్కవాడి చేతికిచ్చి, "ఇంత తెలిసినదానివి, నువ్వే నిలబడరాదు పెద్దమ్మా" అన్నాడట. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారట. నాయినమ్మ నవ్వలేదు. ఇంటికొచ్చి నాకు ఫోన్ చేసి అడిగిన మొదటి మాట: "ఎమ్మెల్యేకు నిలబడాల్నంటే ఎన్ని పైసలు కట్టాల్రా?"

నెల రోజులైంది, మాట మార్చలేదు. మా నాన్న మాట్లాడటం మానేశాడు. నాకు తెలియనివి ఇవి. చదువు లేకపోతే నిలబడొచ్చా? ముగ్గురు పిల్లలుంటే కుదరదంటున్నారు, నిజమేనా? తనకు బీడీ పింఛను వస్తోంది, అది అడ్డమా? 2016లో రోడ్డు మీద ధర్నా చేసిన కేసు ఒకటి ఇంకా కోర్టులో ఉంది. దయచేసి వెటకారం వద్దు, అది ఇంట్లో సరిపడా ఉంది.

రిటైర్డ్_ఆర్ఐ
19 జూన్ 2023

బాబూ, రెవెన్యూలో 33 ఏళ్లు చేశాను. అందులో సగం ఎన్నికల డ్యూటీలే. తెలిసినంత చెప్తాను.

వయసు 25 నిండితే చాలు, పైన హద్దు లేదు. చదువు షరతు లేదు. రాష్ట్రంలో ఏ నియోజకవర్గంలో ఓటరైనా, ఏ జనరల్ సీటులోనైనా నిలబడవచ్చు. ముగ్గురు పిల్లల నిబంధన పంచాయతీ ఎన్నికలది, దాన్ని తెచ్చి అసెంబ్లీకి అంటిస్తున్నారు. పింఛను ప్రభుత్వ కొలువు కాదు కనుక అడ్డం రాదు. డిపాజిట్ 10,000 రూపాయలు, ఎస్సీ ఎస్టీలకు 5,000. పోలై చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటితే వాపసు ఇస్తారు. నోటా ఓట్లను ఆ లెక్కలో కలపరు.

కేసు ఉన్నంత మాత్రాన నామినేషన్ పోదు. కానీ దాచకూడదు. ఫారం 26 అఫిడవిట్‌లో రాయాలి. అంతేకాదు, కేసు ఉన్న అభ్యర్థి ఆ సంగతి పేపర్లో మూడుసార్లు, టీవీలో మూడుసార్లు తన ఖర్చుతో ప్రకటన ఇవ్వాలి. రోడ్డు మీద కూర్చున్న కేసైనా అంతే, హత్య కేసైనా అంతే.

ఇక అసలు విషయం. గుర్తింపు పొందిన పార్టీ టికెట్ అయితే ప్రతిపాదించడానికి ఒక్క ఓటరు చాలు. ఇండిపెండెంట్‌కు పదిమంది కావాలి. పదిమందీ అదే నియోజకవర్గం ఓటర్లై ఉండాలి. వేలిముద్ర వేసేవాళ్లయితే ఇంట్లో వేసి పంపితే చెల్లదు, రిటర్నింగ్ అధికారి ముందరో, అందుకు నియమించిన అధికారి ముందరో వేయాలి. డబ్బు ఎలాగో పుడుతుంది గాని, ఈ పదిమంది దగ్గర చాలామంది ఆగిపోవడం నేను చూశాను.

లెక్కల_మాస్టారు
19 జూన్ 2023

అభ్యర్థి ఖర్చు పరిమితి 40 లక్షలు. అది కాగితం మీద. నిజంగా ఎంతవుతుందో అందరికీ తెలుసు. తమిళనాడు మెట్టూరులో పద్మరాజన్ అని టైర్లు బాగుచేసే ఆయన 1988 నుంచి 200కు పైగా ఎన్నికల్లో నిలబడి అన్నీ ఓడారు. 1991లో నంద్యాలలో పీవీ నరసింహారావు మీద కూడా వేశారు. ఆయనకు అదొక సరదా, స్తోమత ఉంది. 64 ఏళ్ల బీడీ కార్మికురాలికి ఎందుకు ఈ పని? ఆ పదివేలూ బ్యాంకులో వేసుకోమనండి.

గోదారోడు
19 జూన్ 2023

మాస్టారూ, అడిగింది ఎలా నిలబడాలని అండీ, నిలబడాలా వద్దా అని కాదు. మీరు క్లాసులో కూడా ఇంతేనా?

తమ్ముడూ, మాది రాజమండ్రి. బీడీల సంగతి నాకంతగా తెలియదు గాని మామ్మగారికి నా నమస్కారం చెప్పండి. పంజాబ్‌లో 2022లో లాభ్ సింగ్ ఉగోకే అని సెల్‌ఫోన్లు రిపేరు చేసిన కుర్రాడు భదౌర్‌లో అప్పటి ముఖ్యమంత్రి చన్నీనే ఓడించాడు. వాళ్లమ్మ గవర్నమెంటు స్కూల్లో స్వీపరు. బెంగాల్లో 2021లో సాల్తోరా నుంచి గెలిచిన చందనా బౌరీ భర్త తాపీ పనివాడు.

లెక్కల_మాస్టారు
19 జూన్ 2023

ఇద్దరి వెనకా పెద్ద పార్టీ ఉందండీ. ఆ ముక్క కూడా చెప్పండి.

గోదారోడు
19 జూన్ 2023

ఉంది. ఒప్పుకున్నాను.

నల్లగొండ_96
20 జూన్ 2023

మా బాబాయి 1996లో నల్లగొండ లోక్‌సభకు నిలబడ్డ 480 మందిలో ఒకడు. ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు వంకరపోతుంటే ఎవరూ పట్టించుకోవట్లేదని జనం కట్టగట్టుకుని నామినేషన్లు వేశారు. బ్యాలెట్ పేపరు కాస్తా పుస్తకమైంది. అప్పుడు లోక్‌సభకు డిపాజిట్ 500 రూపాయలే, అసెంబ్లీకి 250. అదే ఏడాది తమిళనాడు మొడకురిచ్చి అసెంబ్లీ సీటుకు 1,033 మంది నిలబడ్డారు. ఆ తర్వాతే డిపాజిట్ పెంచారు, ఇండిపెండెంట్‌కు పదిమంది సంతకాలన్న నిబంధనా అప్పుడే వచ్చింది. అంటే మీ నాయినమ్మ ఇవాళ పదిమందిని వెతుక్కోవాల్సి రావడంలో మా బాబాయి చేయి కూడా కొంత ఉంది, క్షమించమనండి.

2019లో మీ నిజామాబాద్‌లోనే పసుపు, ఎర్రజొన్న రైతులు 178 మంది ఎంపీకి నిలబడ్డారు కదా. మొత్తం 185 మంది. గెలవడానికా? కాదు. దేశమంతా ఒక్కరోజైనా పసుపు గురించి మాట్లాడింది. పద్మరాజన్ పోలిక ఇక్కడ కుదరదు మాస్టారూ.

చాట_కత్తెర
25 జూన్ 2023

అందరికీ థాంక్స్. ఆర్ఐ గారి పోస్ట్ ఫోన్లో చదివి వినిపించాను. పదిమంది సంతకాల దగ్గర ఆపి మళ్లీ చదవమంది. తర్వాత వేళ్ల మీద లెక్కపెట్టుకుంది.

కొందరు ఆవిడ గురించి అడిగారు. మా తాత బొంబాయి మిల్లుల్లో పనికి వెళ్లి ఊపిరితిత్తులు పాడై తిరిగొచ్చాడు. ఇల్లు బీడీల మీదే నడిచింది. రోజుకు వెయ్యి బీడీలు, అంటే పాతిక బీడీల కట్టలు నలభై. టేకేదారు, అంటే కంపెనీకీ మాకూ మధ్య ఉండే కాంట్రాక్టరు, తునికాకు తక్కువ తూచి ఇచ్చేవాడు, తిరిగిచ్చేటప్పుడు మాత్రం లెక్క పూర్తిగా అడిగేవాడు. బాగాలేవని పక్కన పడేసిన బీడీలకు కూలీ రాదు, బీడీలూ రావు. ఈ సంగతి చెప్పేటప్పుడు నాయినమ్మకు ఇప్పటికీ గొంతు మారుతుంది.

1990లలో ఊళ్లో రాత్రిబడి పెట్టారు. పగలంతా ఆకు కత్తిరించి రాత్రి పలక పట్టిన ఆడవాళ్లు పద్దెనిమిది మంది. ఆవిడ మొదట చదివింది కథల పుస్తకం కాదు, పీఎఫ్ చీటీ. తన పేరు అందులో తప్పుగా ఉందని అక్షరాలు వచ్చిన ఆర్నెల్లకు కనిపెట్టింది. అప్పటికి పన్నెండేళ్లుగా అదే పేరు మీద డబ్బు కోస్తున్నారు. ఒక అక్షరం తప్పుతో పీఎఫ్ రాకుండా పోయినవాళ్లు ఊళ్లో ఇంకా ఉన్నారని తెలిసి, వాళ్లందరి కాగితాలూ ముందేసుకుంది. 1995లో మహిళా రిజర్వేషన్‌లో వార్డు మెంబరైంది. ఒక్కసారే. తర్వాత యూనియన్, ధర్నాలు, గుర్తింపు కార్డులు, పిల్లల స్కాలర్‌షిప్పులు. బీడీ సంక్షేమ నిధికి వసూలు చేసే సెస్సు 2017లో జీఎస్టీ వచ్చాక ఎత్తేశారని మా నాన్నకు తెలియదు, నాకూ తెలియదు. ఆవిడకు తెలుసు.

ఇప్పటికీ మా ఇంటి అరుగు మీద రోజూ ఇద్దరు ముగ్గురు కాగితాలు పట్టుకుని కూర్చుంటారు.

వార్డుమెంబర్_కోడలు
26 జూన్ 2023

మా అత్తగారు 2018లో ఇండిపెండెంట్‌గా నిలబడింది, వేరే జిల్లాలో. నాకు తెలిసినవి రాస్తాను, ఆర్ఐ గారు తప్పులుంటే దిద్దాలి.

ఎన్నికల ఖర్చుకు విడిగా బ్యాంకు ఖాతా తెరవాలి, నామినేషన్‌కు కనీసం ఒకరోజు ముందు. ఇంట్లో ఉన్న జన్‌ధన్ ఖాతా చూపిస్తే కుదరదన్నారు. అఫిడవిట్‌లో ఒక్క గడి కూడా ఖాళీ వదలొద్దు. లేకపోతే 'లేదు' అని రాయాలి, గీత కూడా పెట్టొద్దు. పుస్తెలతాడు, గొలుసు తూకంతో సహా రాయాలి. మా అత్త పుస్తెలు కుదువ పెట్టి ఉన్నాయి. ఆస్తి గడిలో బంగారం, అప్పు గడిలో ఆ బంగారం మీద తెచ్చిన డబ్బు. అది రాసేటప్పుడు ఆవిడ ముఖం చూడలేకపోయాను. ఆ అఫిడవిట్ నెట్‌లో పెడతారు, ఊళ్లో అందరూ చూశారు.

ఇంకొకటి. నామినేషన్ వేసిన రోజు కన్నా ఉపసంహరణ గడువుకు ముందు రెండు రోజులే భయం. మా ఇంటికి అయిదుసార్లు వచ్చారు. మొదట "అక్కా", తర్వాత "అమ్మా", చివరికి ఏ వరసా లేదు.

రిటైర్డ్_ఆర్ఐ
26 జూన్ 2023

అన్నీ సరిగ్గా రాశావమ్మా. గడి ఖాళీ వదిలితే నామినేషన్ తిరస్కరించవచ్చని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. ముందు నోటీసిచ్చి నింపమంటారు, అప్పటికీ నింపకపోతేనే.

ఒక అభ్యర్థి నాలుగు సెట్ల వరకు నామినేషన్ వేయవచ్చు, డిపాజిట్ ఒకటే. కనీసం రెండు సెట్లు వేయండి.

లెక్కల_మాస్టారు
27 జూన్ 2023

పీఎఫ్ చీటీ ముక్క చదివాక నా మొదటి పోస్ట్ మీద నాకే సిగ్గేసింది. తీసేయను, ఉండనివ్వండి. కానీ ఒక ప్రశ్న నిజంగానే అడుగుతున్నాను. ఇంత పని చేసిన మనిషిని ఏదైనా పార్టీ టికెట్ అడగమనవచ్చు కదా? గుమ్మడి నర్సయ్య ఇల్లందు నుంచి అయిదుసార్లు గెలిచారు, ఎమ్మెల్యేగా ఉండి కూడా సైకిల్ తొక్కారు. ఆయన వెనక ఒక పార్టీ, ఊరూరా మనుషులు ఉన్నారు. ఒంటరిగా ఎందుకు?

చాట_కత్తెర
2 జులై 2023

అడిగింది మాస్టారూ. రెండు చోట్ల. ఒకచోట "బయోడేటా ఇచ్చిపో" అన్నారు. ఇంకోచోట మహిళా విభాగంలో మండల పదవి ఇస్తాం, మీటింగులకు ఆడవాళ్లను తోలుకురమ్మన్నారు. "నేను లారీల మనుషుల్ని నింపుడుకు పనికొస్త, లారీ ముందట కూసునుడుకు పనికిరాను" అంది ఇంటికొచ్చి.

వేదిక_నిర్వహణ
10 అక్టోబరు 2023

నిన్న షెడ్యూల్ వచ్చింది కనుక ఈ థ్రెడ్ పైకి తెచ్చాను. నామినేషన్లు నవంబరు 3 నుంచి 10 వరకు, పరిశీలన 13, ఉపసంహరణ 15, పోలింగ్ 30, లెక్కింపు డిసెంబరు 3. నియోజకవర్గం, అభ్యర్థి పేరు ఎవరూ రాయొద్దు. ఇక్కడ ప్రచారం కుదరదు.

చాట_కత్తెర
5 నవంబరు 2023

పది రోజులుగా సెలవు పెట్టి ఊళ్లోనే ఉన్నాను. సంతకాల సంగతి రాస్తాను, చాలామంది ఫోన్లు చేస్తున్నారు.

రాత్రిబడి పద్దెనిమిది మందిలో ఇప్పుడు పన్నెండు మందే ఉన్నారు. వేలిముద్రల గొడవ లేకుండా అందరూ సంతకం చేయగలిగినవాళ్లనే అనుకుంది. పన్నెండు మందీ సరేనన్నారు. ఆ వారంలోనే ఊళ్లో ఆకు తగ్గింది. కొందరికి మాత్రమే. టేకేదారు ఎవర్నీ ఏమీ అనలేదు, "ఈసారి ఆకు తక్కువొచ్చింది" అన్నాడంతే. ముగ్గురు తప్పుకున్నారు. ఇంకొకామె కొడుకు కాంట్రాక్టు ఉద్యోగి. వాడొచ్చి నాయినమ్మ కాళ్లు పట్టుకుని, అమ్మ పేరు తీసేయమన్నాడు. ఆవిడ వాడికి చాయ్ పోసి పంపింది.

ఎనిమిది మంది మిగిలారు. తొమ్మిదోది మా చిన్నమ్మ, పింఛను రానిది తనకే కదా. పదో సంతకం మూడు రోజులు దొరకలేదు. ఆఖరికి మా వెనకింటామె వచ్చింది. బోరు దగ్గర మొదలైన పంచాయితీతో మా రెండిళ్లకు తొమ్మిదేళ్లుగా మాటల్లేవు. గడప బయటే నిలబడి, "నా పీఎఫ్ పేరు దిద్దిచ్చింది నువ్వే గద. ఏడ సంతకం పెట్టాలె?" అంది. పెట్టింది, వెళ్లిపోయింది. నీళ్లు కూడా తాగలేదు. బోరు సంగతి ఇంకా తేలలేదు.

ఆర్ఐ గారూ, అక్టోబరులో వచ్చిన తుది ఓటర్ల జాబితాలో వరుస నంబర్లు మారాయి. పదింటిలో నాలుగు మళ్లీ రాశాం. మీరు ముందే చెప్పకపోయుంటే పాత నంబర్లే వేసేవాళ్లం.

రిటైర్డ్_ఆర్ఐ
5 నవంబరు 2023

మంచిరోజు చూసుకుని 9నో, ఆఖరి రోజనో వెళ్లకండి, ఇసుక వేస్తే రాలదు. మంగళవారం పదకొండింటికే వెళ్లండి. మూడు గంటలకు గేటు మూస్తారు. లోపలికి అభ్యర్థితో పాటు నలుగురే.

గోదారోడు
6 నవంబరు 2023

డిపాజిట్ మొత్తం రూపాయి బిళ్లలుగా పోయించండి తమ్ముడూ. టీవీవాళ్లు పరిగెత్తుకొస్తారు.

చాట_కత్తెర
7 నవంబరు 2023

వేసేశాం. అన్నా, మీ బిళ్లల ఐడియా చెప్పాను. "లెక్కపెట్టేటోళ్లు గూడ మనసొంటోళ్లే గదరా, వాళ్ల నడుములు పడిపోవా" అంది. అయిదు వందల నోట్లు ఇరవై, మడతల్లేకుండా.

వందమీటర్ల లోపలికి మూడు బండ్లే రానిస్తామని పోలీసాయన మా దగ్గరికొచ్చి గట్టిగా చెప్పాడు. మేం ఆర్టీసీ బస్సు దిగి నడిచొచ్చాం. ఆయనకూ నవ్వొచ్చింది.

లోపల కాగితాలన్నీ చూశాక ప్రమాణం చేయించాలన్నారు. అభ్యర్థులంతా పరిశీలన రోజుకు ముందే చేయాలట. ఒక క్లర్కు, "నేను చదువుతా, నా వెనక అనమ్మా" అన్నాడు. నాయినమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుని, కాగితం ఇటివ్వమని తీసుకుంది. 'సార్వభౌమాధికారం' దగ్గర ఒక్కసారి ఆగింది. మళ్లీ మొదట్నుంచి ఎత్తుకుని పూర్తిగా చదివింది. గదిలో ఎవరూ తొందరపెట్టలేదు. అంత టెన్షన్ నాకు పదో తరగతి ఫలితాలకు కూడా లేదు.

మా నాన్న బస్టాండులో కూర్చున్నాడు. లోపలికి రానన్నాడు. ఊరికీ పోలేదు.

వార్డుమెంబర్_కోడలు
7 నవంబరు 2023

13 దాకా ఆగండి, అప్పుడు ఊపిరి పీల్చుకుందాం. 15 దాకా ఇంట్లో ఒక్కరే ఉండనివ్వకండి.

చాట_కత్తెర
15 నవంబరు 2023

పరిశీలనలో నిలిచింది. ఇవాళ మూడు దాటింది. నామినేషన్ వెనక్కి తీసుకోలేదు.

వచ్చారు. మీరు చెప్పినట్టే మొదట వరసలు కలిపారు. ఇల్లు కట్టిస్తామన్నారు, నాకు ఉద్యోగమన్నారు. ఆవిడ ఒకటే మాట: "పింఛను తారీఖు ఎత్తేస్తనని స్టాంపు కాయిదం మీద రాసియ్యి. ఇప్పుడే పోయి విత్‌డ్రా చేస్త." కాగితం ఎవరూ రాయలేదు.

గుర్తు మొదట కత్తెర అడిగాం. ఇంకొకాయనా అదే అడిగితే డ్రా తీశారు, ఆయనకు పోయింది. మాకు కుట్టుమిషను. అభ్యర్థులు 19 మంది. ఒక మిషనులో 16 మీటలే ఉంటాయి కనుక రెండు మిషన్లు పెడతారు. మాది 18వ నంబరు, అంటే రెండో మిషనులో రెండోది. దాని కింద ఒకటి, ఆ కింద నోటా. ఊరూరా ఇదే చెప్పాలి: రెండో మిషను, రెండో మీట.

లెక్కల_మాస్టారు
16 నవంబరు 2023

గుర్తు గురించి ఇలా చెప్పండి: "మొదటి మిషను పెద్దోళ్లది, రెండోది మనది." నేనే ఆటోలో కూర్చుని చెప్పాలనుంది. ఎన్నికల డ్యూటీ పడింది, కుదరదు.

చాట_కత్తెర
22 నవంబరు 2023

కేసు ప్రకటన మొదటిది పేపర్లో వచ్చింది. '2016లో రహదారిపై ధర్నా' అని, కింద సెక్షన్లు, పక్కన నాయినమ్మ పేరు. టీవీలో చూపించినప్పుడు ఊళ్లోవాళ్లు చప్పట్లు కొట్టారు. దాన్ని ప్రచారమే అనుకున్నారు. ప్రకటనల బిల్లు చూస్తే నాకు ఏడుపొచ్చింది.

ఆ ధర్నా దేనికని అడుగుతున్నారు. ఆ ఏడాది ఏప్రిల్ నుంచి బీడీ కట్టల మీద 85 శాతం హెచ్చరిక బొమ్మ ఉండాలన్నారు. కంపెనీలు పని ఆపేశాయి. పొగ మంచిదని నాయినమ్మ ఎప్పుడూ అనలేదు, తంబాకు దుమ్ముకు తనే దగ్గుతూ బతికింది. చేతిలో పని తీసేసినప్పుడు ఇంకో పని చూపించాలి కదా అని రోడ్డు మీద కూర్చుంది. ఇప్పుడూ అదే చెప్తోంది. పక్క ఊళ్లో ఒక కుర్రాడు, "బీడీలు బంద్ కావాలంటవా, ఉండాలంటవా, ఒకటి చెప్పు" అని నిలదీశాడు. "నా మనవరాళ్లు చుట్టొద్దు. నా ఈడోళ్లకు పింఛను రావాలె" అంది. వాడికి సరిపోయిందో లేదో తెలియదు.

గోదారోడు
22 నవంబరు 2023

కొల్లాపూర్‌లో బర్రెలక్క గురించి ఇక్కడ టీ కొట్లలో కూడా మాట్లాడుకుంటున్నారండీ. ఇండిపెండెంట్ల పేర్లు ఆంధ్రాలో వినపడటం నా ఎరుకలో ఇదే మొదటిసారి. మామ్మగారి వీడియో ఒకటి తీసి పెట్టొచ్చు కదా?

చాట_కత్తెర
23 నవంబరు 2023

తీశానన్నా. "ఎవలతోని మాట్లాడ్తున్ననో కనవడ్తలేదు" అని ఫోన్ పక్కన పెట్టేసింది.

చాట_కత్తెర
30 నవంబరు 2023

అయిపోయింది. 240కి పైగా బూత్‌లుంటే మాకు ఏజెంట్లు దొరికింది 37 చోట్ల. మా బూత్‌లో మా నాన్న కూర్చున్నాడు. ఏజెంటు ఫారం మీద సంతకం పెట్టమని రాత్రి నాయినమ్మ ముందు పెట్టాడు. ఏమీ మాట్లాడలేదు. ఇద్దరూ.

చాట_కత్తెర
3 డిసెంబరు 2023

1,947 ఓట్లు. ఏడో స్థానం. డిపాజిట్ పోయింది. నోటా కన్నా 600 ఎక్కువ.

పద్నాలుగు టేబుళ్లు, రౌండ్ తర్వాత రౌండ్, మా అంకెలు రాసుకోవడానికి నా దగ్గర తప్ప ఎవరి దగ్గరా కాగితం లేదు. మా ఊరి రెండు బూత్‌లలో ఒకదాంట్లో 143, రెండో స్థానం. ఇంకోదాంట్లో 31. ఆకు తగ్గిన వాడ అదే. నాయినమ్మ 143కు సంబరపడలేదు, 31 మంది ఎవరై ఉంటారా అని రాత్రి దాకా పేర్లు అనుకుంటూ కూర్చుంది.

నల్లగొండ_96
3 డిసెంబరు 2023

మా బాబాయికి 1996లో ఎన్ని ఓట్లు వచ్చాయో ఆయనకే గుర్తులేదు. 1,947 తక్కువేం కాదు.

గోదారోడు
4 డిసెంబరు 2023

బర్రెలక్కకు అయిదు వేలు దాటాయండీ, అంత హడావిడి జరిగితే. నిన్ననే ఛత్తీస్‌గఢ్‌లో సాజా సీటులో ఈశ్వర్ సాహు అనే కూలీ ఏడుసార్లు గెలిచిన రవీంద్ర చౌబేను ఓడించారు. మాస్టారు అడగకముందే చెప్తున్నాను, పార్టీ ఉంది. మధ్యప్రదేశ్ సైలానాలో కమలేశ్వర్ డొడియార్ అని టిఫిన్లు మోసి బతికినాయన గెలిచారు. అక్కడ ఉన్నది చిన్న ఆదివాసీ పార్టీ.

లెక్కల_మాస్టారు
4 డిసెంబరు 2023

పార్టీ మాట నేను ఎత్తట్లేదు. ఒక లెక్క మాత్రం చెప్తాను. ఏజెంటున్న బూత్‌లు, లేని బూత్‌లు విడదీసి ఫారం 20 వచ్చాక చూడండి. బూత్‌వారీ ఓట్లు అందులో ఉంటాయి. మనిషి ఉన్నచోట ఎంత, లేనిచోట ఎంత అన్నది తెలిస్తే వచ్చేసారికి ఎక్కడ తిరగాలో తెలుస్తుంది.

రిటైర్డ్_ఆర్ఐ
4 డిసెంబరు 2023

వచ్చేసారి అనుకునేముందు ఖర్చుల లెక్క ఇవ్వండి. ఫలితం వచ్చిన 30 రోజుల్లోపు, అంటే జనవరి 2 లోగా. ఓడిపోయాం కదా అని చాలామంది ఇండిపెండెంట్లు వదిలేస్తారు. లెక్క ఇవ్వనివాళ్లను మూడేళ్లు పోటీకి పనికిరారని కమిషన్ ప్రకటిస్తుంది. కోట్లు పెట్టినవాడు ఆడిటర్‌తో రాయించి ఇస్తాడు, పదివేలు పెట్టినవాడు ఇందులో చిక్కుకుంటాడు.

చాట_కత్తెర
29 డిసెంబరు 2023

ఇచ్చేశాం. మొత్తం ఖర్చు 1,34,600. అందులో దాదాపు సగం ఆ కేసు ప్రకటనలకే. చందాలిచ్చినవాళ్లు 212 మంది, అందరి పేర్లూ రిజిస్టరులో ఉన్నాయి, నాయినమ్మ రాతలోనే. కొందరి పేర్ల పక్కన ఇంటిపేరు కొట్టేసి మళ్లీ రాసి ఉంది. పీఎఫ్ చీటీ అలవాటు.

లెక్కలు చూసే ఆయన ఒక చోట ఆపాడు. నవంబరు 18న ఆటో కిరాయి 700 ఉంది, బిల్లు లేదు. ఆటో అతను సంతకం చేసిన చీటీ ఆవిడ చీరకొంగు ముడిలోంచి తీసింది. ఇవాళ రాకపోకల ఖర్చు ఎంత అని ఆయన సరదాగా అడిగాడు. ఆడవాళ్లకు బస్సు ఉచితమైంది కదా, జీరో టికెట్ చూపించింది.

ఊళ్లో ఆకు మామూలుగా వస్తోంది. ఇద్దరికి ఇంకా తక్కువే. చిన్నమ్మకు పింఛను రాలేదు. ప్రచారంలో ఇద్దరు పెద్ద అభ్యర్థులు కటాఫ్ తేదీ మాట ఎత్తారు, ఆ తేదీలు, ఆ మాటలు నాయినమ్మ రాసిపెట్టుకుంది. రేపు గెలిచినాయన దగ్గరికి వెళ్తోంది, పదమూడో కాగితంతో.

జగిత్యాల_జాలారి
6 జనవరి 2024

థ్రెడ్ మొత్తం ఇవాళే చదివాను. మా తాత చెరువుల మీద మత్స్య సహకార సంఘంలో ముప్పై ఏళ్లు ఉన్నాడు, ఆయనా అదే మాటంటున్నాడు. ఆయనకు సంతకం రాదు, వేలిముద్రే. అభ్యర్థి వేలిముద్ర వేస్తే చెల్లుతుందా?

రిటైర్డ్_ఆర్ఐ
6 జనవరి 2024

చెల్లుతుంది. అధికారి ముందు వేయాలి, అంతే. కానీ ఇంకా దాదాపు అయిదేళ్లుంది కదా, సంతకం నేర్పించు.

చాట_కత్తెర
7 జనవరి 2024

అన్నా, నాయినమ్మ అడగమంది: మీ సంఘంలో మెంబర్‌షిప్ పేర్లు అందరివీ సరిగ్గా పడ్డాయా? ఒకసారి రిజిస్టరు తెప్పించి చూడమంటోంది.